పాల పద్దు

ఆ ఇంట్లో దేవుడి పటం వెనక ఒక కాగితం ఉండేది. 1942లో వచ్చింది. ఆమె భర్త యుద్ధంలో చనిపోయాడని అందులో రాసి ఉంది. అలాంటి కాగితాలు కొన్ని పొరపాటున వచ్చాయని, పోయాడనుకున్న మనిషి నాలుగేళ్ళ తర్వాత సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకొనేవారు. ఆమె కూడా ఎదురుచూసింది. పదేళ్ళు చూసి మానేసింది. కాగితాన్ని మాత్రం తీసెయ్యలేదు.

1959లో ఆ పటం వెనకే రెండో కాగితం చేరింది. అది ఆవుది.

ఊరు మాస్కోకు ఆగ్నేయంగా, రియజాన్ ప్రాంతంలో, ఒకా నదికి దగ్గర. ఊరంతా ఒకే కొల్ఖోజ్. పొలాలు, గుర్రాలు, పెద్ద కొట్టాలు, వాటిలో పశువులు అన్నీ ఉమ్మడివి. ఇంటి వెనక పెరడు మాత్రం ఇంటివాళ్ళది. ఎకరానికి కాస్త అటూ ఇటూ. 1935 నాటి నియమావళి ప్రకారం ఆ పెరట్లో ఒక ఆవును, దాని దూడలను, ఒకటో రెండో పందులను, పది దాకా గొర్రెలను పెంచుకోవచ్చు. కోళ్ళకు లెక్క లేదు. ఉమ్మడి పొలంలో ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి చివర్లో దక్కే గింజలు చలికాలం దాటించేవి కావు. ఇంటి కడుపు నింపింది పెరడే. ఇంటి కడుపే కాదు. 1950ల్లో సోవియట్ దేశం తిన్న మాంసంలోనూ తాగిన పాలలోనూ దాదాపు సగం ఈ పెరళ్ళలోంచే వచ్చింది.

అందుకే అందరి కళ్ళూ పెరటి మీదే. యుద్ధం తర్వాత ఇంటింటికీ ఏటా ఇన్ని కిలోల మాంసం, ఇన్ని లీటర్ల పాలు, ఇన్ని గుడ్లు, ఇంత ఉన్ని అని కప్పం ఉండేది. మాంసం 40 కిలోల దాకా పడేది. పశువు లేని ఇంటికీ అది తప్పదు. కోడి లేని ఇంటికి గుడ్లూ తప్పవు. సంతలో కొని తెచ్చి ప్రభుత్వానికి కట్టినవాళ్ళున్నారు. పోవడానికి కొద్ది ముందు స్టాలిన్ రైతుల మీద పన్ను ఇంకో 4,000 కోట్ల రూబుళ్ళు పెంచుదామన్నాడు. ఒక్కో రైతు ఇంకొక్క కోడిని అమ్ముకుంటే తీరిపోతుందన్నాడు. 1952లో కొల్ఖోజ్‌లూ రైతులూ అమ్మిన సమస్తానికీ కలిపి ప్రభుత్వం చెల్లించిందే 2,628 కోట్లు. ఈ సంగతిని ఆయన తర్వాత నాయకుడైన క్రుశ్చేవ్ 1956లో పార్టీ మహాసభలో బయటపెట్టాడు.

క్రుశ్చేవ్ హయాంలో ఆ బరువు దిగింది. 1958 జనవరి 1 నుంచి ఇంటి కప్పాలు పూర్తిగా రద్దయ్యాయి. ఆ రోజు ఆమె పితికిన పాలన్నీ వీధి పిల్లలకు పోసింది. ఇక ఎవరికీ ఊరికే పొయ్యక్కర్లేదు.

ఆవు పేరు జోర్కా. వేకువ అని అర్థం. ఎర్ర ఆవు, నొసట తెల్లమచ్చ. ఇంటికి చాలినన్ని ఉంచుకుని, మిగిలిన పాలను మనవడి చేత పాల కేంద్రానికి పంపేది. మనవడికి ఎనిమిదేళ్ళు. తల్లి రియజాన్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. పాల కేంద్రంలో ఒక పిల్ల ఉండేది. క్యాన్‌లో గరిటె ముంచి కలిపి, కొలిచి, వెన్న శాతం చూసి, గళ్ళ నోటుపుస్తకంలో రాసేది. తేదీ, ఇంటి పేరు, లీటర్లు. చుక్క ఎక్కువ రాసేది కాదు, చుక్క తక్కువా రాసేది కాదు. వారానికోసారి ఆ పద్దు జిల్లా వెన్న ఫ్యాక్టరీకి వెళ్ళేది. పాల డబ్బు అక్కడి నుంచే వచ్చేది. ఆ డబ్బుతోనే మనవడికి ఉన్ని బూట్లు కొన్నది.

1957 మే 22న లెనిన్‌గ్రాడ్ సభలో క్రుశ్చేవ్ ఒక మాట అన్నాడు. మాంసం, పాలు, వెన్నలో తలసరి లెక్కన అమెరికాను కొద్ది ఏళ్ళలోనే దాటేస్తామన్నాడు. మాంసం మూడు రెట్లకు పైగా పెరగాలి. 1975 దాకా పడుతుందని ఆర్థికవేత్తలు లెక్క కట్టి ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. పశువు ఈనడానికి తొమ్మిది నెలలు, దూడ ఎదగడానికి ఏడాదిన్నర పడుతుంది. ఆ లెక్క మాటలతో మారేది కాదు.

రియజాన్ ప్రాంతపు పార్టీ మొదటి కార్యదర్శి అలెక్సేయ్ లారియోనోవ్ ఆ మాటను తలకెత్తుకున్నాడు. 1958లో రియజాన్ ప్రభుత్వానికి అమ్మిన మాంసం 48 వేల టన్నులు. ఒక్క ఏడాదిలో దాన్ని 1 లక్షా 50 వేల టన్నులు చేస్తామన్న ప్రతిజ్ఞ 1959 జనవరి 9న పార్టీ పత్రిక ప్రావ్దాలో అచ్చయింది. ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ స్వయంగా రియజాన్ వచ్చి ప్రాంతానికి లెనిన్ పతకం ఇచ్చి వెళ్ళాడు. అప్పటికి ఆ ఏడాది దూడలు ఇంకా పూర్తిగా పుట్టలేదు.

మే నాటికి కొల్ఖోజ్ కొట్టాల్లో కోడెలు లేవు. ఆగస్టుకు ఆ ఏటి దూడలు లేవు. సెప్టెంబరుకు పాడి ఆవులు కూడా కబేళా దారి పట్టాయి. విత్తనపు ఆంబోతులు సైతం పోయాయి. ట్రాక్టర్లకు, బడులు కట్టడానికి ఉంచిన డబ్బుతో మనుషులు పక్క ప్రాంతాలకు వెళ్ళి పశువుల్ని కొనుక్కొచ్చారు. పక్క ప్రాంతాలవాళ్ళు తమ పశువులు దాటిపోకుండా రోడ్ల మీద కాపలా పెట్టారు. ఇక మిగిలింది పెరళ్ళు.

కొల్ఖోజ్ అధ్యక్షుడు ఆమె ఇంటికి అక్టోబరులో వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. ఎడమ చెయ్యి యుద్ధంలో పోయింది. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసుతో గుచ్చుకునేవాడు. ఆమె భర్తా ఆయనా ఒకే రోజున, ఒకే బండిలో యుద్ధానికి వెళ్ళారు. చలికాలానికి ఆమెకు కట్టెలు తోలించేది ఆయనే.

“పిన్నీ, జోర్కాను కొల్ఖోజ్‌కు అమ్ము. కొన్నాళ్ళకే. వచ్చే ఏడు నీకు పెయ్యనిస్తాం.”

“కొల్ఖోజ్ పెయ్యలు ఎక్కడున్నాయి నాయనా?”

ఆయన బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, “కలీనొవ్‌కాలో అందరూ అమ్మేశారు పిన్నీ. క్రుశ్చేవ్ సొంత ఊరు. ఆయనే సభలో చెప్పాడు” అన్నాడు.

“వాళ్ళ కొట్టంలో పాలుంటాయి. కొనుక్కుని తాగుతారు. మన కొట్టంలో ఏముంది?”

టీ తాగి వెళ్ళిపోయాడు. నవంబరులో మళ్ళీ వచ్చాడు. అప్పుడు జిల్లా మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి గొంతు పెంచాడు. ఆమె పాకలోకి వెళ్ళి ఆవు పక్కన నిలబడింది. జోర్కా అప్పటికి చూడిది, ఐదో నెల. చూడి ఆవును కొయ్యడానికి ఆ జిల్లా మనిషికి కూడా నోరు రాలేదో, కబేళా ముందు లారీల వరుస చూసి వచ్చాడో, ఆ రోజుకు వెనుదిరిగారు. కబేళాలో అప్పటికే చోటు లేదు. తోలుకొచ్చిన పశువులు మూడు రోజులు మంచులో నిలబడుతున్నాయి.

డిసెంబరు 12 రాత్రి అధ్యక్షుడు మూడోసారి వచ్చాడు. వెంట కొల్ఖోజ్ లెక్కలాయన ఉన్నాడు.

“పిన్నీ, ఆవు వద్దు. కాగితం చాలు.”

పద్ధతి ఆయనే వివరించాడు. ఆవును అమ్మినట్టు రసీదు రాస్తారు. ప్రభుత్వం కొన్నట్టు ముద్ర పడుతుంది. కబేళాలో చోటు దొరికేదాకా ఆవును ఆమె పాకలోనే దాచుకోమని ఇచ్చినట్టు లెక్క. నాలుగు రోజుల్లో ప్రాంతం మొత్తం లెక్క మాస్కోకు వెళ్ళాలి. వెళ్ళాక ఈ కాగితం ఎవరూ అడగరు. ఊళ్ళో ఇప్పటికే పదకొండు ఇళ్ళు ఒప్పుకున్నాయి.

“నువ్వూ ఒప్పుకోకపోతే నా లెక్క తగ్గుతుంది. తగ్గితే ఆ జిల్లా మనిషి లారీతో వస్తాడు. అప్పుడు ఆవే పోతుంది.”

ఆమె లాంతరు పట్టుకుంది. లెక్కలాయన జోర్కా ఛాతీ చుట్టూ టేపు వేసి కొలిచాడు. వెన్ను పొడుగు కొలిచాడు. పట్టిక చూసి 340 కిలోలన్నాడు. ఆయన చేతిలో ఉన్నది తడిపితే సిరాలా పారే ఊదారంగు పెన్సిలు. ములుకు నాలుకకు అద్దుకుని రాశాడు. ఆ నెలంతా అలాగే రాస్తున్నాడేమో, నాలుక చివర ఊదాగా ఉంది.

ఆమె కాగితం మీదికి వంగింది. 412 అని ఉంది.

“అంత లేదు కదా బాబూ?”

“చూడి ఆవు కదా పిన్నీ” అన్నాడు అధ్యక్షుడు. “పుట్టబోయేదాన్ని కూడా కలిపాం.”

సంతకం పెట్టింది. అధ్యక్షుడు జేబులోంచి గుండ్రటి ముద్ర తీసి, నోటి ఆవిరి పట్టించి, ఒంటి చేత్తోనే కాగితం మీద నొక్కాడు. కాగితం కదలకుండా ఆమె పట్టుకుంది. వాళ్ళు వెళ్ళాక దాన్ని నాలుగు మడతలు పెట్టి దేవుడి పటం వెనక, పాత కాగితం పక్కన పెట్టింది. తర్వాత పాకలోకి వెళ్ళి జోర్కాకు కుడితి పెట్టింది.

డిసెంబరు 16న రియజాన్ గెలిచిందని ఊరి నడుమ స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు చెప్పింది. 1 లక్షా 50 వేల టన్నులు. ఆ వేళ ఆమె పాలు పితుకుతోంది. చూడి ముదురుతోంది గనక రెండు లీటర్లకు దిగింది. మనవడు క్యాన్ పట్టుకుని కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి పిల్ల రెండు అని రాసింది. ఆ నెలలోనే లారియోనోవ్ సోషలిస్టు శ్రమ వీరుడయ్యాడు. 1960కి ఇంకో 1 లక్షా 80 వేల టన్నులిస్తామని మాట ఇచ్చాడు.

జనవరి 15న జోర్కా ఒట్టిపోయింది.

మార్చి 28 తెల్లవారుజామున ఈనింది. కాగితం ప్రకారం అది పోయి మూడున్నర నెలలు. పెయ్యదూడ. నొసట తల్లికున్న మచ్చే. ఆమె జున్నుపాలు కాచి అధ్యక్షుడి పిల్లలకు ఒక గిన్నెడు పంపింది. ఏప్రిల్‌లో అధ్యక్షుడు వచ్చి దూడను అడిగాడు. కొత్త ఏడాది లెక్కలోకి ఊళ్ళో ఒక్క తల కూడా లేదు. ఈసారి ఆమె వాదించలేదు. పన్నెండిళ్ళలోనూ జరిగింది అదే. కాగితం మీద పుట్టకముందే లెక్కకెక్కిన దూడ, తీరా పుట్టాక మరోసారి లెక్కకెక్కింది.

ఆ వేసవి రియజాన్‌లో పంటలు సరిగా పండలేదు. వానలు బాగానే పడ్డాయి. ఒకా ఒడ్డున గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. మేసేవి లేవు. కొన్నాళ్ళకేనని చెప్పి ఆవుల్ని తోలుకుపోయినచోట జనం ఉమ్మడి పొలానికి రావడం మానేశారు. ధాన్యం సగానికి పడిపోయింది. ఏడాది మొత్తం మీద మాంసం 30 వేల టన్నుల దగ్గరే ఆగింది. అంతకుముందు ఏ హడావిడీ లేకుండా ఇచ్చిన 48 వేలు కూడా రాలేదు. దుకాణాల్లో మాంసం గల్లాల ముందు మనుషులే లేరు. కొనేవాళ్ళు రైలెక్కి మాస్కో వెళ్ళి తెచ్చుకున్నారు.

జోర్కా మాత్రం మేసింది. మే గడ్డికి పొదుగు నిండి, పూటకు పూట పెరిగింది. ఇంటికి పోను రోజుకు ఐదు లీటర్లు కేంద్రానికి వెళ్ళిన రోజులున్నాయి. కేంద్రంలో పిల్ల ఐదు అని రాసింది. జులైలో నాలుగన్నర. ఆగస్టులో నాలుగు. ఊళ్ళో పసిపిల్లలున్న ఇళ్ళకు మిగతా పదకొండు ఆవుల పాలే ఆధారం. పెరటి పాకల్లో మిగిలిన పన్నెండు ఆవులూ కాగితం మీద పోయినవే.

శరత్తులో మాస్కో నుంచి తనిఖీ బృందం దిగింది. ఆ రోజుల్లోనే లారియోనోవ్ చనిపోయాడు. ఆయన తనను తాను కాల్చుకున్నాడని చరిత్రకారులు తర్వాత రాశారు. ఆ ఊళ్ళో ఆ కబురు గుసగుసగా చేరింది. దాని వెంటే ఇంకో కబురు. తనిఖీవాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. రసీదులు ముందు పెట్టుకుని పశువుల్ని లెక్కపెడుతున్నారు. రేపు ఇక్కడికి వస్తారు.

అక్టోబరు 11, చీకటి పడే వేళ. జోర్కాను పితికి మూడు లీటర్లు క్యాన్‌లో పోసి మనవణ్ణి పంపింది. వాడు తిరిగొచ్చేసరికి అధ్యక్షుడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పిల్లవాణ్ణి పొరుగింటికి పంపమన్నాడు. రాత్రికి అక్కడే పడుకోమన్నాడు.

“రసీదు నిజమైతే ఆవు ఉండకూడదు పిన్నీ. ఆవు ఉంటే రసీదు దొంగది. ముద్ర నాది. సంతకం నీది.”

ఆమె మాట్లాడలేదు.

“నన్ను తీసుకుపోతే పోనీ. ఒంటిచేతివాణ్ణి, ఏం చేసుకుంటారు? నిన్ను కూడా తీసుకుపోతారు. పిల్లాడు ఎక్కడ ఉంటాడు?”

సమోవార్‌లో నీళ్ళు మరిగి మరిగి ఆగిపోయాయి.

“అమ్మిన ఆవు అది. కాగితం ప్రకారం పది నెలలుగా నీది కాదు” అన్నాడు చివరికి. అంటున్నప్పుడు ఆయన ఆమె ముఖం చూడలేదు.

పన్నెండు పాకల్లోనూ ఆ రాత్రి దీపాలు వెలిగాయి. జోర్కాను పలుపు విప్పి బయటికి తెచ్చింది ఆమే. వేరేవాళ్ళు పట్టుకుంటే అది బెదురుతుంది. ఆమె పట్టుకుంటే నిలబడింది. పని అయ్యాక చర్మాలు తోటలో పూడ్చారు. మాంసం తెల్లవారకముందే బండిలో జిల్లాకు వెళ్ళింది. దానికీ ఒక ఖాతా కావాలి. పశువులే లేని పన్నెండు ఇళ్ళ పేరున అది 1960 లెక్కలో జమ పడింది. పాకలోని పేడ ఎత్తిపోసి, నేల కడిగి, లోపల బిర్చి కట్టెలు వరుసగా పేర్చారు. అధ్యక్షుడు ఒక్క చేత్తోనే తెల్లారేదాకా కట్టెలు మోశాడు.

తనిఖీ అధికారి మధ్యాహ్నం వచ్చాడు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఎవరి మీదా గొంతు పెంచలేదు. పాక తలుపు తీసి కట్టెలు చూశాడు. గాటి అంచు మీద చెయ్యి ఆనించాడు. ఏళ్ళ తరబడి ఆవు మెడ రాసుకుని ఆ చెక్క అద్దంలా నున్నబడి ఉంది. ఆ నునుపు మీద వేలు ఒకసారి పోనిచ్చి బయటికొచ్చాడు. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రసీదు అడిగాడు. ఆమె దేవుడి పటం వెనక చెయ్యి పెట్టింది. ముందు పాత కాగితం వచ్చింది. అది లోపల పెట్టి రెండోది తీసి ఇచ్చింది.

ఆయన మడతలు విప్పి చదివాడు. తేదీ సరిగా ఉంది. తూకం ఉంది. సంతకం, ముద్ర ఉన్నాయి.

“ఆవు ఇప్పుడు లేదు కదమ్మా?”

“లేదు బాబూ.”

“ఎప్పుడు పోయింది?”

అధ్యక్షుడు గోడవారన నిలబడి ఉన్నాడు. చొక్కా ఖాళీ చేతికి పిన్నీసు లేదు. రాత్రి ఎక్కడో ఊడిపోయినట్టుంది. ఆమె ఆ వేలాడే చేతిని చూసింది.

“కాగితంలో ఉన్న రోజునే” అంది.

ఆయన తల ఊపి రసీదు తిరిగి ఇచ్చేశాడు. తోలు సంచీలోంచి ఇంకో పుస్తకం తీశాడు. గళ్ళ నోటుపుస్తకం. జిల్లా వెన్న ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకున్నాడు. పాల సంగతి అధ్యక్షుడికి తట్టలేదు. లెక్కలాయనకూ తట్టలేదు. అందరూ అడిగింది మాంసమే.

అధికారి వేలు పేజీ వెంట కిందికి దిగింది. 1959 డిసెంబరు 13, రెండు లీటర్లు. 14, రెండు. జనవరి 15 తర్వాత ఏమీ లేదు. ఏప్రిల్ మొదట్లో మళ్ళీ మొదలు. మే నెలలో ఐదు. జులైలో నాలుగన్నర. ఆగస్టులో నాలుగు. అక్టోబరు 11, మూడు.

ఆయన వేలు వెనక్కి వెళ్ళి ఆ జనవరి, మార్చి మధ్య ఖాళీ మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. ఆయనా పల్లెలో పుట్టినవాడే. కూర్చుని అంకెలు అల్లేవాడెవడూ రెండున్నర నెలలు ఖాళీగా వదలడు. గడ్డి మొలిచినప్పుడు పెంచి, ఎండినప్పుడు తగ్గించాలన్నది కూడా వాడికి తోచదు.

“ఈ పాలు ఏ ఆవువమ్మా?”

ఆమె నోరు విప్పలేదు. అధ్యక్షుడూ విప్పలేదు. కేంద్రంలోని పిల్లను పిలిపిస్తే ఆమె ఏడుస్తూ, కొలిచిందే రాశానంది. ఏ ఆవు పాలో క్యాన్ చూస్తే ఎలా తెలుస్తుంది అంది.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకదానికి గుండ్రటి ముద్ర ఉంది. అది 1 లక్షా 50 వేల టన్నుల్లో భాగం. రెండోదానికి ముద్ర లేదు. అది ఒక పిల్ల చేతిరాత. అధికారి పెన్ను మూత తీశాడు. డిసెంబరు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఒక్కో వరుసనూ జాగ్రత్తగా కొట్టేశాడు. ఆ పాలకు తీసుకున్న డబ్బు ఆమె తిరిగి కట్టాలని పక్కన రాశాడు. మిగతా పదకొండు ఇళ్ళూ పాలను పసిపిల్లలున్న ఇళ్ళకు చేతి మీదే అమ్ముకున్నాయి గనక వాళ్ళ పేర్లు ఏ పద్దులోనూ లేవు.

తనిఖీ నివేదికలో ఆ ఊరికి ఒక్క పేరా దక్కింది. మాంసం లెక్కలన్నీ రసీదులతో సరిపోయాయి. ఊరు మొత్తం మీద పట్టుబడిన దొంగ లెక్క ఒక్కటే: లేని ఆవు పేరున రాసిన 862 లీటర్ల పాలు.